సైకిల్‌కి ఎలక్ట్రిక్ కిట్: అపోహలు – వాస్తవాలు

మామూలు సైకిల్‌ని మోటార్, బ్యాటరీతో నడిచేలా చేసే కిట్ బిగించమని సైకిల్ తోసుకొచ్చినవాళ్లు ముందు అడిగేది "ఛార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుంది?" అని. నేనేమో "మీ బ్రేకులు పడుతున్నాయా?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. వీడికి పని చేసే ఉద్దేశం లేదేమో అన్నట్టు చూస్తారు. కిట్ బిగించడం పెద్ద విషయం కాదు, మూడు నాలుగు గంటల పని. దాని కింద ఉన్న సైకిల్, దాంతో పాటు వచ్చే బ్యాటరీ, ఈ రెండిటి దగ్గరే ఎవరైనా మోసపోతారు.

అపోహ: ఏ సైకిల్‌కైనా పడుతుంది.

పడుతుంది, కానీ ఎన్నాళ్లు ఉంటుందన్నదే ప్రశ్న. ముందు చక్రంలో హబ్ మోటార్, అంటే చక్రం మధ్యలో ఉండే మోటార్, పెట్టినప్పుడు ఇరుసు తిరగకుండా ఆపేది ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లు) చివర ఉన్న చిన్న గాడి మాత్రమే. మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. మామూలు సైకిల్ ఇరుసుకి ఈ గొడవే లేదు, అందుకే ఆ గాడిని ఇంత బలానికి చేయరు. పాత స్టీలు ఫోర్కు అయితే తట్టుకుంటుంది, అల్యూమినియం ఫోర్కో సస్పెన్షన్ ఫోర్కో అయితే గాడి అంచు విరిగిపోవచ్చు. అలాంటి ఫోర్కుకి నేను ముందు మోటార్ పెట్టను, ఎంత బతిమాలినా సరే.

ఇది అనుభవంతో వచ్చిన తెలివే. మొదట్లో నా సొంత సైకిల్‌కి టార్క్ ఆర్మ్ లేకుండా, నట్టు గట్టిగానే బిగించాను కదా అనుకుని వదిలేశాను. నాలుగో రోజు ఎత్తు ఎక్కుతూ థ్రాటిల్, అంటే హ్యాండిల్ మీద మోటార్‌ని నడిపే పిడి, మొత్తం తిప్పేసరికి టక్ మని చప్పుడు, ఇరుసు గాడిలో గిర్రున తిరిగి, దాని లోంచి వచ్చే వైర్లు తాడులా మెలిపడి తెగిపోయాయి. నెమ్మదిగా పోతున్నాను కాబట్టి పళ్లు మిగిలాయి. టార్క్ ఆర్మ్ అంటే అరచేతంత ఇనుప పట్టీ, ఒక చివర ఇరుసుకి, రెండో చివర ఫోర్కు కాడకి. అది వద్దనేవాళ్లకి బిగించి ఇవ్వను.

వెనక చక్రంలో మోటార్ కావాలంటే ఫ్రేములో సుమారు 135 మిల్లీమీటర్ల జాగా కావాలి. పాత నల్ల సైకిళ్లకి అంత ఉండదు. స్టీలు ఫ్రేము కాబట్టి కొంచెం ఎడం చేయొచ్చు. అల్యూమినియం ఫ్రేముని మాత్రం అలా సాగదీయకూడదు, పగులుతుంది.

బ్రేకుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకి 12 కిలోమీటర్ల దగ్గర సరిపోయిన రాడ్ బ్రేకు 24 దగ్గర, అదీ తడిసిన స్టీలు రిమ్ము మీద, ఏం ఆపుతుందో మీరే ఆలోచించండి.

అపోహ: 36 వోల్ట్లు, 10 ఏహెచ్ బ్యాటరీతో 60 కిలోమీటర్లు గ్యారంటీ.

ఏహెచ్ అంటే యాంపియర్ అవర్. 36ని 10తో గుణిస్తే 360 వాట్ అవర్లు, బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి అదే. తొక్కకుండా థ్రాటిల్ మీదే పోతే చదును రోడ్డులో కిలోమీటరుకి 12 నుంచి 15 వాట్ అవర్లు తింటుంది, అంటే 24 నుంచి 30 కిలోమీటర్లు. మీరూ కాళ్లు ఆడిస్తే 45, 50 దాకా లాగొచ్చు. భీమవరం, తణుకు వైపు రోడ్లకి ఒక లెక్క, విశాఖలో హనుమంతవాక, ఎండాడ ఎత్తులు రోజూ ఎక్కేవాళ్లకి ఇంకో లెక్క. అమ్మేవాడు చెప్పే అంకెలో గాలి ఉండదు, ఎత్తు ఉండదు, వెనక కూర్చునే పిల్లాడూ ఉండడు. ఇక ఖర్చంటారా, ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే అర యూనిట్ కూడా కాలదు, అందులో మాత్రం అబద్ధం లేదు.

డబ్బు మిగులుతుందని మూడు 12 వోల్ట్ల, 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు కడతామంటారు. ఆ 7 ఏహెచ్ అనే అంకె 20 గంటల పాటు నిదానంగా, అంటే 0.35 యాంపియర్ల చొప్పున వాడితే వచ్చేది. మనం లాగేది దాదాపు 10 యాంపియర్లు. సగం కొంచెం అటూ ఇటూ వస్తుంది, పైగా క్యారియర్ మీద ఆరేడు కిలోల బరువు.

అపోహ: తొక్కుతుంటే బ్యాటరీ దానంతటదే ఛార్జ్ అవుతుంది.

డైనమో రోజుల నుంచి ఉన్న ఆశ ఇది. మామూలు మనిషి గంటసేపు తొక్కి ఇవ్వగలిగేది సుమారు 100 వాట్లు. 360 వాట్ అవర్ల బ్యాటరీ నింపాలంటే ఒక్క అంగుళం కదలకుండా మూడున్నర గంటల పైనే తొక్కాలి. దానికంటే నేరుగా ఊరెళ్లిపోవడం నయం. పైగా ఎక్కువ కిట్లలో వచ్చే గేర్ హబ్ మోటార్ లోపల ఒక క్లచ్ ఉంటుంది, చక్రం తిరిగినా మోటార్ తిరగదు, ఇక కరెంటు ఎక్కడి నుంచి పుడుతుంది?

అపోహ: వాట్లు ఎక్కువైతే స్పీడు ఎక్కువ.

స్పీడు వోల్టేజీని, మోటార్ చుట్టిన తీరుని బట్టి ఉంటుంది. 26 అంగుళాల చక్రం నిమిషానికి సుమారు 200 సార్లు తిరిగితే 25 కిలోమీటర్ల వేగం. 36 వోల్ట్ల కిట్‌కి 48 వోల్ట్ల బ్యాటరీ పెట్టి లాగిస్తామనేవాళ్లు ముందు కంట్రోలర్‌ని (బ్యాటరీ నుంచి మోటార్‌కి కరెంటు పంపే పెట్టె) మాడుస్తారు, తర్వాత చట్టం హద్దు కూడా దాటేస్తారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటార్ 30 నిమిషాల పవర్ (అరగంట ఆగకుండా ఇవ్వగలిగేది) 250 వాట్ల లోపు, వేగం 25 లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా, సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉంటేనే అది మోటారు వాహనం కాదు. 500 వాట్ల కిట్ పెట్టుకుని "సైకిలే కదండీ" అంటే కుదరదు.

వానలో షాక్ కొడుతుందా? కొట్టదు. కాకపోతే నీళ్లు వైరు వెంట జారి ఇరుసు లోపలికి పోతాయి. అందుకే వైరుని ముందు కిందికి వంపు తీసి, అప్పుడు ఇరుసులోకి పంపిస్తాం, చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. ప్రెషర్ పైపుతో మాత్రం కడగొద్దు.

బ్యాటరీ పేలడం గురించి భయం ఊరికే లేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. పాత ల్యాప్‌టాప్ సెల్స్ అతికించి చౌకగా ఇస్తామంటే వద్దనండి. బీఎమ్ఎస్, అంటే సెల్స్‌ని అతిగా ఛార్జ్ కాకుండా, అతిగా ఖాళీ కాకుండా కాపాడే సర్క్యూట్, ఉన్న ప్యాక్ తీసుకోండి. 36 వోల్ట్ల మామూలు లిథియం అయాన్ ప్యాక్‌కి 42 వోల్ట్ల ఛార్జరే వాడాలి, పిన్ను పట్టింది కదా అని వేరేది గుచ్చొద్దు. ఎండలో తిరిగొచ్చాక చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టండి. మెట్ల కింద, గుమ్మం పక్కన, అందరూ పడుకున్నాక అసలే వద్దు.

ఇక నేను తరచూ వినేది "మోటార్ కాలిపోయింది". చాలాసార్లు కాలదు, కనెక్టర్ వదులై ఉంటుంది. మొన్న పాలు పోసే పెద్దాయన ఒకరు మూడు కిలోమీటర్లు తోసుకొచ్చారు.

"బాబూ, మోటార్ పోయింది, ఎంతవుద్దో చెప్పు."

చూస్తే హ్యాండిల్‌కి కూరగాయల సంచి వేలాడుతోంది, దాని పిడి బ్రేకు లివర్‌ని కొంచెం లాగి పట్టుకుంది. లివర్‌లో చిన్న స్విచ్ ఉంటుంది, బ్రేకు పట్టగానే మోటార్‌కి కరెంటు ఆపేస్తుంది. "బాబాయ్ గారూ, సంచి తీయండి" అన్నాను. తీసి థ్రాటిల్ తిప్పారు, చక్రం తిరిగింది. ఆయన కాసేపు నన్ను, కాసేపు సంచిని చూసి, దాన్ని వెనక క్యారియర్‌కి కట్టుకుని వెళ్లిపోయారు.