కొత్త ఇంటి ముంగిలి: అపోహలు, వాస్తవాలు

గృహప్రవేశానికి పది రోజుల ముందు నాకు ఫోన్లు వస్తాయి. "లోపల పని అయిపోయిందండీ, బయట కాస్త పచ్చగా చేసి పెట్టాలి" అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల 150, 200 గజాల ఇళ్లకు బయటి పని, తోట పని చేయడం నా వృత్తి. ఆ ఫోన్ వచ్చేసరికే సగం పొరపాట్లు సిమెంటులో గట్టిపడిపోయి ఉంటాయి. ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ఈ సంగతులు ముందే తెలుసుకుంటే బాగుంటుందని రాస్తున్నాను.

అపోహ: బయటి పని అన్నిటికన్నా చివర చూసుకోవచ్చు

మొక్కలు చివర పెట్టుకోవచ్చు. కానీ వాన నీళ్లు ఎటు పోవాలి, తోట కుళాయి ఎక్కడ ఉండాలి, గేటు లైటుకు వైరు ఎటు నుంచి రావాలి అన్నవి పునాది రోజుల్లోనే తేలాలి. వేసిన పార్కింగ్ టైల్స్ పగలగొట్టి పైపు వేయించుకున్నవాళ్లను చాలామందిని చూశాను. టైల్స్ కింద కాంక్రీటు బెడ్ వేసే ముందు, గేటు దగ్గర ఒకటి, పక్క సందులో ఒకటి చొప్పున రెండంగుళాల పీవీసీ పైపులు అడ్డంగా వేయించి, చివర్లు మూసి పెట్టండి. తర్వాత ఎప్పుడు కావాలన్నా ఒకదాంట్లో నీళ్ల పైపు, ఇంకోదాంట్లో వైరు పోతాయి. వాటిని ఎక్కడ వేశారో ఫోటో తీసి ఉంచుకోండి.

వాలు సంగతి మేస్త్రీ మాట మీద వదలొద్దు. పది అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు. బెడ్ గట్టిపడ్డాక, టైల్స్ వేయకముందు, నాలుగు బకెట్ల నీళ్లు పోయించి పక్కన నిలబడి చూడండి. గోడ వైపు మళ్లితే ఆ రోజే సరిచేయించాలి. వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉంచుకునేవాళ్లు పునాదికీ సంపుకూ ఎడంగా అటువైపే ఇంకుడు గుంత తవ్వించండి. గుంత లేకుండా పల్లం ఒక్కటే పెడితే వానాకాలమంతా ఆ మూల నాచు పట్టి ఉంటుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి 80 సెంటీమీటర్ల దాకా పడుతుంది. కొంత పోయినా 60 వేల లీటర్లు మీ బోరు దగ్గరే ఇంకుతాయి.

అపోహ: ఒక ట్రాక్టరు ఎర్రమట్టి పోయిస్తే మొక్కలు వాటంతటవే వస్తాయి

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఘట్‌కేసర్ వైపు ఒక ఇంటికి వెళ్లాను. ఆమె వాళ్ల అమ్మగారి ఊరి నుంచి నిమ్మ మొక్క తెచ్చి పెట్టుకుంది. "రోజూ నీళ్లు పోస్తున్నానన్నా, యూరియా కూడా వేశాను, ఆకులు చూడు ఎట్లా అయిపోతున్నాయో" అంది. ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, మధ్యలో ఆకంతా పసుపు. పక్కన తవ్వితే నాలుగంగుళాల ఎర్రమట్టి దాటగానే గడ్డపార ఖంగుమంది. కింద కాంక్రీటు కలిపినచోట గట్టిపడిన పెళ్ల, టైల్ ముక్కలు, బైండింగ్ వైరు, సగం కుళ్లిన సిమెంటు సంచి. సిమెంటులోని సున్నం గుణం మట్టికి పట్టేస్తే, ఆ మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. యూరియా ఎంత వేసినా ఆ పసుపు పోదు.

రెండడుగుల లోతు తవ్వి చెత్తంతా బయటికి తీయించి, రెండు వంతులు మంచి మట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి నింపాం. మూడు నెలలకు నిమ్మకు కొత్త చిగుళ్లు వచ్చాయి.

ముందే ఆలోచిస్తే ఇంత శ్రమ అక్కర్లేదు. పునాది తవ్వేటప్పుడు పై అడుగు మట్టి విడిగా ఒక మూల పోయించండి, అది ఏళ్ల తరబడి తయారైన మట్టి. కాంక్రీటు, మాలు కలపడానికి ఒకే చోటు చూపించండి, అది కూడా రేపు టైల్స్ వచ్చే చోటే అయి ఉండాలి. మొక్క పెట్టే గుంతలో సాయంత్రం నిండా నీళ్లు పోయండి. పొద్దున్న కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ వేరు కుళ్లుతుంది, ఇంకా లోతుకు పొడిపించాలి.

ఇంకో మాట. గోడకు ఆనించి, ప్లింత్ బీము (గోడల అడుగున వేసే కాంక్రీటు దూలం) దాటి మట్టి పోయొద్దు. లోపలి గోడకు చెమ్మ ఎక్కుతుంది.

అపోహ: ఖాళీ ఎక్కడ ఉంటే అక్కడ లాన్ వేసుకోవచ్చు

ఉత్తరం సందులో మే నెలలో ఎండ చూసి మెక్సికన్ గ్రాస్ వేయించుకుంటారు. సంక్రాంతికి అది చచ్చిపోతుంది. "నీ గడ్డి మంచిది కాదు" అని నన్ను అంటారు. తప్పు గడ్డిది కాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే ఉండదు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. అందుకే ఆ రోజుల్లో ఉత్తరం గోడకు కూడా ఎండ తగులుతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా వాలిపోతాడు, ఆ సందు మొత్తం మీ ఇంటి నీడలో ఉంటుంది. మెక్సికన్ గ్రాస్‌కు నిండు ఎండ కావాలి. ఉత్తరం వైపు నీడకు ఓర్చే మొక్కలు పెట్టుకుని, లాన్ తూర్పుకో దక్షిణానికో ఉంచుకోండి.

నీళ్ల లెక్క కూడా చూసుకోండి. ఎండాకాలం చదరపు మీటరు లాన్‌కు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. 200 చదరపు అడుగులకు 80, 90 లీటర్లు. ట్యాంకర్ కొనుక్కునే కాలనీలో నేనైతే లాన్ వేయమని చెప్పను.

అపోహ: త్వరగా పెరిగే చెట్టు మంచి చెట్టు

కోనోకార్పస్ రెండేళ్లలో గోడంత అయిపోతుంది. వేర్లు కేబుళ్లను, డ్రైనేజీ పైపులను దెబ్బతీస్తున్నాయని, పుప్పొడితో అలర్జీలు వస్తున్నాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటకుండా నిషేధించింది. నేను ఎవరికీ పెట్టను. గేటు పక్కన పొడుగ్గా నిలబడే "అశోక చెట్లు" కూడా నిజానికి నరమామిడి, అసలు అశోకం వేరు. వాటి కింద నీడ పెద్దగా ఉండదు.

గేటు బయట కరెంటు తీగలు లేకపోతే కానుగ పెట్టండి. చిన్న జాగాకు పారిజాతం, ఓపిక ఉన్నవాళ్లకు పొగడ. పడమర గోడ ఎండకు కాలిపోతుంటే, చెట్టుకు చోటు లేని ఇంట్లో గోడకు అడుగు ఎడంగా ఇనుప జాలీ కట్టించి రాధామనోహరం తీగ పాకించండి.

అపోహ: మల్లె, నైట్ క్వీన్ పెడితే పాములు వస్తాయి

పాము పూల వాసనకు రాదు. ఎలుకలు, కప్పలు ఉన్నచోటికి, దాక్కోవడానికి చోటున్న దగ్గరికి వస్తుంది. పని అయ్యాక మిగిలిన ఇటుకలు, సెంట్రింగ్ చెక్కలు పెరట్లో నుంచి తీసేయించండి. మల్లె నిశ్చింతగా పెట్టుకోండి.

అపోహ: ప్లాస్టరింగ్ అవగానే రంగులు వేసేయొచ్చు

కనీసం వారం రోజులు తడపాలి, ఆ తర్వాత బాగా ఆరాలి, మొత్తం మీద 28 రోజులు ఆగాలి. తొందరపడితే మొదటి వానాకాలానికే తెల్లటి ఉప్పు మరకలు, పొట్టులు లేవడం. ఎలివేషన్‌కు, అంటే ఇంటి బయటి గోడలకు, ముదురు బూడిద రంగు ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. పడమర గోడకు మాత్రం వద్దని బతిమాలతాను, సాయంత్రానికి ఆ గది వేడెక్కిపోతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశం కూడా ఎండను వెనక్కి కొట్టే డాబాలే.

అపోహ: గృహప్రవేశం నాటికి తోట తయారుగా ఉండాలి

ముహూర్తాలు ఎక్కువగా మాఘంలోనో వైశాఖంలోనో వస్తాయి. ఆ ఎండల్లోకి వెళ్లే మొక్కకు రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా కష్టమే. ఆ రోజుకు గుమ్మానికి అటూ ఇటూ రెండు కుండీలు, తోరణం చాలు. గుంతలు మాత్రం ఎండాకాలంలోనే తవ్వి ఎండనివ్వండి. మృగశిర కార్తె వచ్చి, రెండు మంచి వానలు పడ్డాక నన్ను పిలవండి.