టర్కీ వేట, మూడు తూటాల నిబంధన: అపోహలు - వాస్తవాలు

ఒక ఏప్రిల్ ఉదయం, నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక తమ్ముడు ఫోను చేశాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, నేను తుపాకీలో రెండే తూటాలు పెట్టుకున్నాను. అయినా జరిమానా రాశారు" అన్నాడు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో అది టర్కీ కోళ్ల వేట కాలం. అడవి అంచున కన్జర్వేషన్ ఏజెంటు (వేట చట్టాలు అమలు చేసే అధికారి) అతన్ని ఆపి పర్మిట్ చూశాడు, తుపాకీ ఖాళీ చేయించాడు. ఆ తర్వాత తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్ గొట్టంలోకి ఒక్కొక్క తూటానే నెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోది కూడా సాఫీగా లోపలికి వెళ్లింది. దాంతో తనిఖీ ముగిసింది.

నేను ఇక్కడ వేట భద్రత తరగతుల్లో స్వచ్ఛందంగా బోధిస్తుంటాను. మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు తుపాకీతో వేటాడాలంటే సాధారణంగా ఈ శిక్షణ పూర్తి చేయాలి. కొన్నేళ్లుగా ఈ తరగతులకు తెలుగువాళ్లు కూడా వస్తున్నారు. నా పక్కన కూర్చునే స్థానికులు ఈ సంగతులను చిన్నప్పుడు తాత వెంట నడుస్తూ నేర్చుకున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశం నుంచి వచ్చిన మనకు ఆ తాతలు లేరు. అందుకే ఎవరో స్నేహితుడు చెప్పిన మాటే మనకు చట్టమైపోతోంది. ఆ మాటల్లో నేను తరచుగా వినేవాటిని ఇక్కడ సరిచేస్తాను.

అపోహ: మూడుకు మించి పెట్టుకోకపోతే చాలు

ఆ తమ్ముడు పొరపడింది ఇక్కడే. మిస్సోరీ నిబంధన ప్రకారం టర్కీ వేటకు వాడే షాట్‌గన్‌లో మ్యాగజైన్, చాంబర్ (పేలబోయే తూటా ఉండే చోటు) కలిపి మూడు తూటాలకు మించి పట్టకూడదు. 'పట్టకూడదు' అన్న మాటే కీలకం. తుపాకీలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్నింటికి చోటు ఉందన్నది చూస్తారు. మీరు ఒక్క తూటాతో వెళ్లినా, లోపల అయిదింటికి ఖాళీ ఉంటే అది ఉల్లంఘనే. జేబులో అదనపు తూటాలు ఉంటే మాత్రం ఈ నిబంధన కింద తప్పు లేదు.

రెమింగ్టన్ 870 లాంటి సాధారణ పంప్ తుపాకీ గొట్టంలో నాలుగు, చాంబర్‌లో ఒకటి, మొత్తం అయిదు పడతాయి. దాన్ని మూడుకు కుదించేది ప్లగ్గు. గొట్టం లోపల స్ప్రింగు మధ్యలో దూర్చే కర్ర లేదా ప్లాస్టిక్ కడ్డీ అది. చాలా కొత్త తుపాకులతో పాటు వస్తుంది. కొన్నింటిలో బిగించే ఉంటుంది, కొన్నింటిలో పెట్టెలో కాగితాల కింద విడిగా పడి ఉంటుంది. "పెట్టెలో ఉంది కాబట్టి తుపాకీలోనూ ఉండే ఉంటుంది" అనుకోకండి. పాత తుపాకీ కొన్నప్పుడైతే, మునుపటి యజమాని తీసేసి ఉంటాడనుకునే మొదలుపెట్టండి. రెండు బ్యారెళ్ల తుపాకీకి, ఒక్క తూటా తుపాకీకి ప్లగ్గు అవసరమే లేదు.

అపోహ: ఏదో ఒకటి దూరిస్తే ప్లగ్గు అయిపోతుంది

వలస పక్షుల వేటకు సంబంధించిన ఫెడరల్ నిబంధన ప్లగ్గు ఎలా ఉండాలో కూడా చెబుతుంది. ఒకే ముక్కగా ఉండాలి, తుపాకీని విప్పకుండా బయటకు రాకూడదు. నాణేలు, పెన్సిల్ ముక్కలు పేర్చి పెట్టడం కుదరదు. గట్టి కర్రను సరైన పొడవుకు మీరే కోసుకుంటే మాత్రం అభ్యంతరం లేదు. టర్కీకి మీ రాష్ట్రం ఇంత వివరంగా రాయకపోయినా ఈ ప్రమాణాన్నే పాటించండి, ఏ అడవిలోనైనా నిలబడుతుంది.

ప్లగ్గు ఉన్నా పట్టుబడేవారున్నారు. దానికి కారణం తూటా పొడవు. పన్నెండు గేజ్ (బ్యారెల్ వెడల్పు కొలత) తూటాలు 2¾, 3, 3½ అంగుళాల పొడవుల్లో వస్తాయి. 1¾ అంగుళాల పొట్టి తూటాలు కూడా ఉన్నాయి. డబ్బా మీద ఉండే పొడవు పేల్చిన తర్వాత మూతి విచ్చుకున్న తూటాది, పేల్చకముందు తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది. మూడున్నర అంగుళాల తూటాలు రెండు పట్టేలా ప్లగ్గు కోసుకుంటే, అదే చోటులో పొట్టివి మూడో నాలుగో దూరవచ్చు. ప్రశ్న మళ్లీ అక్కడికే వస్తుంది: ఎన్నింటికి చోటు ఉంది? అందుకే ఎప్పుడూ పొట్టి తూటాతోనే పరీక్షించండి. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో తూటాను పైకెత్తే పలక మీద అదనంగా ఒకటి నిలుపుకోవచ్చు. కొందరు దీన్ని ఉపాయంగా నేర్పుతారు. అలా నిలిపితే తుపాకీలో మూడుకు బదులు నాలుగు ఉన్నట్టే. నేర్చుకోకండి.

అపోహ: ఇది దేశమంతటికీ ఒకే చట్టం

నిజానికి ఇక్కడ రెండు వేర్వేరు చట్టాలు కలగలిసిపోతున్నాయి. బాతులు, పావురాల వంటి వలస పక్షుల వేటలో మూడు తూటాల పరిమితి ఫెడరల్ ప్రభుత్వానిది. 1930లలో కరవుతో నీటి పక్షులు దారుణంగా తగ్గిపోయినప్పుడు, 1935లో ఆ పరిమితి వచ్చింది. ఎర గింజలు చల్లడం, బతికున్న బాతులను కట్టేసి మిగతావాటిని రప్పించడం కూడా అదే ఏడాది నిషేధించారు. టర్కీ వలస పక్షి కాదు, పుట్టిన చోటుకు కొద్ది మైళ్లలోనే దాని బతుకంతా గడుస్తుంది. అందువల్ల 1918 నాటి వలస పక్షుల చట్టం దానికి వర్తించదు. టర్కీని ఎలా వేటాడాలో నిర్ణయించేది ఆయా రాష్ట్రాలే.

మిస్సోరీ, ఒహాయో, పెన్సిల్వేనియాలు మూడు తూటాల పరిమితిని టర్కీకీ పెట్టాయి. టెక్సాస్ పెట్టలేదు. అక్కడ వలస పక్షులకు తప్ప మిగతా వేట పక్షులకు తూటాల సంఖ్యపై పరిమితి లేదు. డాలస్‌లో ఉండే మనవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. ఏప్రిల్‌లో టర్కీ కోసం ప్లగ్గు తీసేస్తారు, చట్టబద్ధమే. సెప్టెంబరులో అదే తుపాకీ పట్టుకుని పావురాల వేటకు వెళ్తారు. ఆ రోజు అది ఫెడరల్ ఉల్లంఘన. నన్నడిగితే ప్లగ్గు ఏడాది పొడవునా తుపాకీలోనే ఉండనివ్వాలి. టర్కీ వేటలో సాధారణంగా ఒక్క తూటాతోనే పని ముగుస్తుంది. తల, మెడ చూసి, నలభై గజాల లోపు, కదలకుండా నిలబడినప్పుడు కాలుస్తాం. మొదటిది గురి తప్పాక పారిపోతున్న గుంపు మీదికి నాలుగోది, అయిదోది పేలిస్తే జరిగేది ఎక్కువగా గాయపరచడమే. గాయపడి పొదల్లోకి వెళ్లి చచ్చే పక్షి ఎవరి లెక్కలోనూ ఉండదు.

మిస్సోరీలో ఒకప్పుడు టర్కీ దాదాపు కనుమరుగైంది. 1954 నుంచి పక్షులను పట్టి, కొత్త అడవుల్లో వదిలి పెంచుకొచ్చారు. 1960లో తిరిగి వేట తెరిచినప్పుడు 14 కౌంటీల్లో మూడు రోజులే అనుమతించారు. అప్పుడు దొరికినవి 94 పక్షులు. ఆ చరిత్ర తెలిసిన ఏజెంటు మీ తుపాకీ గొట్టంలోకి తూటా నెట్టి చూస్తుంటే దాన్ని వేధింపు అనుకోలేం.

అపోహ: నంబరు పెరిగితే గుండు పెద్దది

షాట్‌గన్ తూటాలో ఉండే చిన్న గుండ్ల సైజును నంబరుతో చెబుతారు. ఆ నంబరును తిరగేసి చదువుకోండి. 2వ నంబరు గుండు వ్యాసం 0.15 అంగుళాలు, 4వది 0.13, 9వది 0.08. మిస్సోరీలో టర్కీకి 4వ నంబరు కంటే పెద్ద గుండు పనికిరాదు. "4 దాటకూడదట" అని విని 2వ నంబరు డబ్బా కొన్నవారిని నేను చూశాను. 9వ నంబరు అంత చిన్న గుండు ఏం చేస్తుందని కూడా అడుగుతారు. టంగ్‌స్టన్‌తో చేసినదైతే సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 18 గ్రాములు, సీసానిది 11. బరువు అక్కడ ఉంది. కాలిఫోర్నియాకు వెళ్తే మాత్రం సీసాన్ని మరచిపోండి, 2019 జూలై 1 నుంచి అక్కడ ఏ వేటకూ సీసపు తూటా చెల్లదు.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు / స్నేహితుడి తుపాకీ అయితే పర్వాలేదు

ఈ రెండు మాటలూ తప్పే. రెండోది ప్రమాదకరం కూడా. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ఆ నిషేధానికి మినహాయింపులు ఉన్నాయి. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు లేదా పర్మిట్ ఉండటం వాటిలో ఒకటి. గడువు తీరిన కాగితం ఆ మినహాయింపు ఇవ్వదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రాష్ట్రాల సొంత నియమాలు దీనికి అదనం.

'కలిగి ఉండటం' అంటే కొనడం మాత్రమే కాదు. స్నేహితుడి తుపాకీని మీ చేతుల్లోకి తీసుకుని పొలంలో నడిచినా అది మీ దగ్గర ఉన్నట్టే. లైసెన్సు లేని వీసాదారుకు ఆ నడక ఫెడరల్ నేరం కాగలదు, తుపాకీ నేరాల్లో శిక్ష పడితే దేశం నుంచి పంపించేందుకు ఇమిగ్రేషన్ చట్టంలో వీలుంది. ప్లగ్గు లేనందుకు పడే జరిమానా ఆ స్థాయిది కాదు. కానీ పౌరసత్వ దరఖాస్తులో అలాంటి సైటేషన్ల (జరిమానా నోటీసుల) గురించి కూడా అడుగుతారు. దాచకండి, కాగితాలన్నీ భద్రపరచుకోండి. మీ పరిస్థితిలో ఏ చిన్న మెలిక ఉన్నా, తుపాకీ చేతిలోకి తీసుకోకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. పది ఏళ్ల నిరీక్షణను ఒక ఉదయం నడక కోసం పణంగా పెట్టవద్దని ప్రతి తరగతిలోనూ చెబుతాను.

పక్క రాష్ట్రంలో జరిగింది ఇక్కడెవరికి తెలుస్తుందనేవారికి రెండు మాటలు. వేట హక్కు రద్దయితే ఆ సమాచారం పంచుకునే ఒప్పందంలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఉన్నాయి. అక్రమంగా కొట్టిన పక్షిని సరిహద్దు దాటిస్తే, 1900 నాటి లేసీ చట్టం కింద అది ఫెడరల్ వ్యవహారమవుతుంది.

ఇక వేటకు ముందు రాత్రి చేయాల్సిన పని. అసలు తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. తుపాకీ మూతిని సురక్షితమైన దిశకు తిప్పి, చాంబర్, గొట్టం ఖాళీగా ఉన్నాయని కంటితో, వేలితో చూడండి. మీరు వాడేవాటిలో అన్నిటికంటే పొట్టి సైజు, పేలుడు మందు లేని నకిలీ తూటాలు తీసుకుని గొట్టంలోకి నెట్టండి. రెండు వెళ్లాలి (చాంబర్‌లోది కలిపితే మూడు), మూడోది ఆగాలి. గట్టిగా నొక్కినా ఆగాలి, ఎందుకంటే ఏజెంటు కూడా గట్టిగానే నొక్కుతాడు. అడవిలోకి వెళ్లాక ప్లగ్గు లేదని గుర్తొస్తే తుపాకీ ఖాళీ చేసి కారు దగ్గరకు తిరిగి వచ్చేయండి.

ఆ తమ్ముడు జరిమానా కట్టి మరుసటి వసంతంలో మళ్లీ వచ్చాడు. తుపాకీ పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించుకున్నాడు. దాని మీద '2+1' అని, కింద తను పరీక్షించిన తేదీలు వరుసగా రాసి ఉన్నాయి. ఆ ఏడాది అతనికి టర్కీ దొరకలేదు. ఏజెంటు మాత్రం మళ్లీ ఎదురయ్యాడట. మూడో తూటా ఆగిపోయేసరికి తల ఊపి, నిన్న కూత వినిపించిన లోయ ఎటువైపో చెప్పి వెళ్లాడట.