మానేసిన తర్వాతే అసలు ప్రమాదం

కొడుకును పది రోజులు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉంచి ఇంటికి తెచ్చుకున్న తల్లిదండ్రులు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ల (నల్లమందులా పనిచేసే మందుల) విషయంలో ఆ లెక్క తప్పు. జైల్లో పడినవాళ్లకూ తరచూ మత్తుమందు ఇలాగే బలవంతంగా ఆగుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన 30,237 మంది వివరాలను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం వెలువరించారు. విడుదలైన మొదటి రెండు వారాల్లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయే ముప్పు, అక్కడి మిగతా జనంతో పోలిస్తే వాళ్లకు 129 రెట్లు ఉంది.

నొప్పిని తగ్గించడానికి మెదడు ఎండార్ఫిన్లను తానే తయారు చేసుకుంటుంది. అవి అతుక్కునే గ్రాహకాలు నాడీకణాల మీద ఉన్నాయని 1973లో తేలింది. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ కూడా సరిగ్గా అక్కడే అతుక్కుంటుంది. చిక్కేమిటంటే, ఊపిరిని నడిపే మెదడు కాండంలోనూ ఇవే గ్రాహకాలున్నాయి. అందుకే నొప్పితో పాటు శ్వాస కూడా నెమ్మదిస్తుంది.

రోజూ వాడుతుంటే కణాలు అలవాటుపడి స్పందన తగ్గించుకుంటాయి, మోతాదు పెరుగుతూ పోతుంది. మత్తుమందు ఆగిన రోజున, ఇన్నాళ్లూ అణిగి ఉన్న, ఒంటిని ఉద్రేకపరిచే రసాయనం నార్‌ఎడ్రినలిన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ముందు ఆవలింతలు, కారే ముక్కు. ఆ తర్వాత గగుర్పాటు, చెమటలు, ఎముకల్లో పోటు, విరేచనాలు, నిద్ర లేని రాత్రులు. ఈ బాధ ఎక్కువగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. దానితో పాటే శరీరం తట్టుకోగల మోతాదూ పడిపోతుంది. తగ్గనిదల్లా కోరిక. అది నెలల తరబడి ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం పాత స్నేహితుడు ఎదురుపడితే, పాత మోతాదే తీసుకుంటాడు. నిన్నమొన్నటి దాకా తట్టుకున్న ఆ మోతాదుకే ఇప్పుడు ఊపిరి ఆగిపోతుంది.

కాబట్టి డీటాక్స్, అంటే ఒంట్లోంచి మత్తుమందును వదిలించడం, ఒక్కటే చికిత్స కాదు, దాని తర్వాత ఏం చేస్తారన్నదే ముఖ్యం. బుప్రెనార్ఫిన్ అనే మాత్ర ఉంది. మింగితే కాలేయమే దాన్ని చాలావరకు విరిచేస్తుంది కాబట్టి నాలుక కింద పెట్టుకుని కరిగే దాకా ఉంచాలి. ఇది అవే గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది కానీ, రెండో నంబరు దగ్గరే ఆగిపోయే ఫ్యాను రెగ్యులేటరులా, ఒక హద్దు దాటి పని చేయదు. కోరిక అణుగుతుంది, శ్వాసకు ముప్పు తక్కువ. మొదటి మాత్ర ఎప్పుడు ఇవ్వాలన్నది మాత్రం డాక్టరే తేల్చాలి. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగానే ఇస్తే దాన్ని గ్రాహకాల నుంచి నెట్టేసి, మానేసినప్పటి ఆ బాధలన్నింటినీ ఒక్క గంటలో తెచ్చిపెడుతుంది.

‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమే కదా’ అనే మాట డాక్టర్ల నోటా వినిపిస్తుంటుంది. నాకు ఈ వాదన ఎప్పుడూ నచ్చలేదు. రోజూ ఇన్సులిన్ తీసుకునేవాళ్లను మనం ఆ మాట అనం. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు డాక్టర్లు కూడా బుప్రెనార్ఫిన్ రాయసాగారు. 1999 నాటికి అక్కడ మోతాదు మించిన మరణాలు 79 శాతం తగ్గాయి. పంజాబ్ 2017లో ఇదే మందుతో అవుట్‌పేషెంట్ క్లినిక్‌లు తెరిచింది. మన దేశంలో దాదాపు 77 లక్షల మందికి ఓపియాయిడ్ల విషయంలో సహాయం అవసరమని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. ఇక రోగులను గొలుసులతో కట్టేసే డీ-అడిక్షన్ ‘కేంద్రాల’ సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదంటోంది.

ఇంట్లో ఎవరైనా పిలిచినా పలకక, పెదవులు నీలంగా మారి, గురక లాంటి శబ్దంతో ఊపిరి తీస్తుంటే నిద్రపోతున్నాడని వదిలేయకండి. కంటిపాపలు సూదిమొనంత అయి ఉంటాయి. వెంటనే 108కి ఫోను చేసి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నాలోక్సోన్ అనే విరుగుడు గ్రాహకాల నుంచి ఓపియాయిడ్‌ను నెట్టేసి నిమిషాల్లో శ్వాసను తిరిగి తెస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు దీని ముక్కు స్ప్రేను 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే కొనుక్కోవచ్చు. దాని ప్రభావం గంటా గంటన్నరకు మించి ఉండకపోవచ్చు కాబట్టి, లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఎవరిని అడగాలో తెలియని కుటుంబాలకు వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. పోలీసు కేసు అవుతుందేమోనని చాలామంది వెనకాడతారు. చికిత్సకు తానే ముందుకొచ్చిన బాధితుడికి, దొరికిన మత్తుమందు చిన్న పరిమాణమే అయిన కేసుల్లో, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ మత్తుమందులను అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. అయితే ఆ చికిత్సను మధ్యలో ఆపకూడదు.