"ఇందులో ఏముందండీ?" అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల మీద అపోహలు - వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలే వేస్తున్నాను. పుస్తకాల్లో వీటిని నైరూప్య చిత్రాలు అంటారు, మా చుట్టాలు పిచ్చి గీతలు అంటారు. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తుంటావమ్మా" అంటే పెయింటింగులు వేస్తానంటాను, వెంటనే "అయితే మా బాబు ఫొటో చూసి వేసిపెడతావా" అంటారు, నేను వేసేవి అలాంటివి కావండీ అని ఫోన్ తీసి చూపిస్తే కాసేపు మౌనం. ఆ మౌనం తర్వాత వచ్చే మాటలు ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. వాటికి అప్పటికప్పుడు చెప్పలేకపోయిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "ఇలాంటివి మా చంటాడు కూడా వేస్తాడు"

వేస్తాడు, బాగా వేస్తాడు కూడా. మూడేళ్ల పిల్లల చేతికుండే ధైర్యం నాకు లేదు. కాకపోతే కాగితం నిండగానే వాడి పని అయిపోతుంది, లేదంటే అమ్మ అన్నానికి పిలిస్తే అయిపోతుంది. నా పని అక్కడే మొదలవుతుంది: ఈ మూల బరువెక్కిందా, ఈ పసుపు పక్కనున్న బూడిద రంగుని చంపేస్తోందా, ఈ గీత ఉంటే మేలా పోతే మేలా. 2011లో బోస్టన్ కాలేజీ పరిశోధకులు పేరున్న అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుల బొమ్మల్ని పిల్లలూ జంతువులూ వేసిన బొమ్మల పక్కన జతగా పెట్టి జనానికి చూపించారు. కొన్నిచోట్ల కింద పేర్లు తారుమారు చేసి పెట్టినా సగానికంటే ఎక్కువసార్లు జనం చిత్రకారుల బొమ్మలనే మెరుగైనవిగా ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారో వాళ్లనడిగితే సరిగ్గా చెప్పలేకపోవచ్చు, కానీ వెనక ఒక ఆలోచన నడిచిందని కంటికి తెలుస్తుంది.

అపోహ: "సరిగ్గా బొమ్మ వేయడం రానివాళ్లే ఇటు వస్తారు"

ఈ మాటకి మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం ఉక్రోషం వస్తుంది. ఫైన్ ఆర్ట్స్ మొదటి రెండేళ్లూ మా చేత వేయించినవి చేతులు, కాళ్లు, ప్లాస్టర్ తలలు, బిందెలు, రైల్వే స్టేషన్లో పడుకున్న మనుషులు. పోనీ నన్ను వదిలేయండి, డచ్ చిత్రకారుడు మాండ్రియన్ సంగతి చూడండి. నలుపు గీతలూ ఎరుపు పసుపు నీలం గళ్లూ అనగానే గుర్తొచ్చే మనిషి ఏళ్లకేళ్లు చెట్లు వేశాడు. 1908 ప్రాంతంలో వేసిన ఎర్ర చెట్టులో కొమ్మలు కొమ్మల్లాగే ఉంటాయి, 1911 నాటి బూడిద రంగు చెట్టుకి వచ్చేసరికి కొమ్మలు వంపు గీతలైపోయాయి, కొమ్మల మధ్యనున్న ఖాళీలకు కూడా కొమ్మలంత గట్టితనం వచ్చింది. ఆ తర్వాత ఇంకొన్నాళ్లకు చెట్టు పోయి గీతలే మిగిలాయి. మన దేశపు చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కూడా అంతే. 1950లో ఫ్రాన్స్ వెళ్లి అక్కడి ఊళ్లూ ఇళ్లూ ఏళ్ల తరబడి వేశాడు, ఇప్పుడు మనందరికీ తెలిసిన బిందువు (పెద్ద గుండ్రటి చుక్క) ఆయన బొమ్మల్లో స్థిరపడింది 1970ల చివర్లో. మధ్యప్రదేశ్‌లోని బబారియాలో పుట్టిన ఆయనకి చిన్నప్పుడు బళ్లో మనసు నిలవక అల్లరి చేస్తుంటే మేష్టారు గోడమీద ఒక చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. ఆ చుక్క కాన్వాస్ మీదికి రావడానికి నలభై ఏళ్లకు పైనే పట్టింది.

అపోహ: "ఇన్‌స్పిరేషన్ కోసం ఎక్కడెక్కడికో వెళ్తుంటారు కదా"

హిమాలయాలకి ఒక్కసారే వెళ్లాను, బోలెడు ఫొటోలు తీసుకున్నాను, ఒక్క బొమ్మా రాలేదు. నాకు పనికొచ్చేవన్నీ మా ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్నాయి.

మాది విశాఖ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం, అరవై ఒక్క రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు కదలవు. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్లో బోట్లకి రిపేర్లు, రంగులు. జనానికి అది వేట లేని కాలం, నాకు అదే సీజన్. ఒక్కో బోటుని గట్టెక్కించి పాత రంగుని ఇనప బద్దలతో గీకుతుంటారు. పైన ఎండకి వెలిసిపోయిన నీలం, దాని కింద ఇంకో ఏడాది వేసిన పచ్చ, దాని కింద రెడాక్సైడ్, అక్కడక్కడా చెక్క. గీకుడు సమానంగా పడదు కాబట్టి ఒక్కోచోట ఒక్కో పొర దగ్గర ఆగిపోతుంది, మొత్తం చూస్తే ఎవరూ గీయని మ్యాపులా ఉంటుంది. మొదటిసారి నేను నోరు తెరుచుకుని చూస్తూ ఫొటోలు తీస్తుంటే రంగులేసే ఆయన "ఏటమ్మా, బోటు కొంతావా ఏటి?" అన్నాడు. నేను బొమ్మలేస్తానని చెప్పాను. ఆయన నమ్మలేదు, ఎందుకంటే నేను బోటు వైపు కాకుండా గీకిన మచ్చ వైపు కెమెరా పెట్టాను.

అప్పటినుంచి ప్రతి ఎండాకాలం వెళ్తున్నాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకీ వెళ్తుంటాను, అక్కడి ఎరుపు పొద్దున ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి, వాన పడ్డ మర్నాడు మూడోది. కానీ ఊరు దాటి వెళ్లాల్సిన పని కూడా లేదండీ. సినిమా పోస్టర్లు ఒకదానిమీద ఒకటి అతికించి, వానకి సగం ఊడిన గోడని ఎప్పుడైనా ఆగి చూశారా? సున్నం వేసిన పాత గోడలో నీలిమందు ఎక్కువైన చోటు? దోసె తీశాక పెనం మీద మిగిలే గోధుమరంగు వలయం? మన మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ గారు తుప్పు పట్టిన కార్ల తుక్కుని తీసుకుని ఒక వరస బొమ్మలే వేశారు, ఆ తుప్పుని అంత శ్రద్ధగా ఇంకెవరు చూసుంటారు.

నా దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. అందులో బొమ్మలు తక్కువ, రంగుల పేర్లు ఎక్కువ. ట్యూబు మీద రాసే పేర్లు నాకు సరిపోవు. "నానబెట్టిన చింతపండు, అంచున నీళ్లు చేరిన చోట", "తడి సిమెంటు, సాయంత్రం", "ఇస్త్రీ బండివాడి పాత దుప్పటి, కాలిన మూల" ఇలా రాసుకుంటాను. రంగుల పేర్లు నేర్పింది కాలేజీ కాదు, మా అత్తయ్య. చీరల కొట్లో ఆవిడ పక్కన కూర్చుంటే చాలు: ఉల్లిపొర రంగు, నెమలికంఠం, వంగపండు, చిలకపచ్చ, మామిడిపండు, మిరపపండు. ఉల్లిపొర అన్న ఒక్క మాటలో లేత గులాబీ ఉంది, కింది రంగు కనపడనిచ్చే పల్చదనం ఉంది, ఆ మెరుపూ ఉంది. ట్యూబు మీద ఏం రాస్తే ఇంత వస్తుంది?

అపోహ: "మూడ్ రాగానే ఒక్క ఊపులో వేసేస్తారు"

సినిమాల పుణ్యం ఇది. మన దేశపు పేరున్న చిత్రకారుడు గైతోండే ఏడాదికి ఐదారు కాన్వాసులకి మించి పూర్తిచేసేవాడు కాదంటారు. అన్నట్టు ఆయన తన బొమ్మల్ని అబ్‌స్ట్రాక్ట్ అనడానికీ ఇష్టపడలేదు, నాన్-ఆబ్జెక్టివ్ (ఏ వస్తువునీ చూపించనివి) అనేవాడు. నాకంత ఓపిక లేదు గానీ, ఒక బొమ్మ ఎలా నడుస్తుందో చెప్తాను.

బోట్ల సీజన్ అయ్యాక మూడడుగులు నాలుగడుగుల కాన్వాస్ ఒకటి బిగించాను. గెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) రెండు పూతలు, మధ్యలో గరుకు కాగితంతో రుద్దుడు. మొదటి పొర ఇటుక రంగు, దానిమీద పల్చగా పచ్చ, దానిమీద నీలం, సగం ఆరాక కత్తితో గీకుడు. వారం రోజులకి బోటులాగే వచ్చేసింది, అదే సమస్య. బోటు పక్కన బోటు ఫొటో పెట్టినట్టుంది, నేను చేసిందేమీ లేదు. దాన్ని గోడ వైపు తిప్పేసి పదిరోజులు చూడలేదు. మళ్లీ తిప్పి చూసినప్పుడు మధ్యలో ఒక తెల్ల గీత కనబడింది, కత్తి జారి అనుకోకుండా పడింది, భలే అందంగా ఉంది. ఇంటికొచ్చిన వాళ్లందరూ ఆ గీతనే మెచ్చుకున్నారు. నేనూ దాన్ని కాపాడుకుంటూ చుట్టూ ఏం వేసినా దానికి సరిపోయేలా వేస్తూ ఇరవై రోజులు తంటాలు పడ్డాను, ఏదీ కుదరలేదు. చివరికి ఒకరోజు పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, ఆ గీత మీద బూడిద రంగు పూసేశాను. చేతులు వణికాయి, అబద్ధమెందుకు. మధ్యాహ్నానికి బొమ్మ మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు ఆ గీత అడుగున ఉందని నాకు తప్ప ఎవరికీ తెలియదు, పక్కవాటంగా వెలుతురు పడితే చిన్న గట్టులా కనిపిస్తుంది.

ఇందులో బ్రష్ చేతిలో ఉన్న టైమ్ ఎంత? పది శాతం కూడా ఉండదేమో. మిగతాదంతా కుర్చీలో కూర్చుని చూడటం, ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడటం (రంగులో గొడవపడే ఎరుపూ పచ్చా అందులో ఒకే బూడిదగా వస్తే వెలుగునీడల తేడా లేదని అర్థం), అద్దంలో చూడటం, తలకిందులుగా పెట్టి చూడటం. మా ఆయన దీన్ని "కూర్చుని పని చేయడం" అంటాడు.

అపోహ: "తలకిందులుగా పెట్టినా తేడా తెలియదు"

నిజం ఒప్పుకోవాలంటే, ఒక్కోసారి తెలియదు. 1961లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ కాగితాలు కత్తిరించి చేసిన పడవ బొమ్మ నలభై ఏడు రోజులు తలకిందులుగా వేలాడింది, అదేమో పూర్తి అబ్‌స్ట్రాక్ట్ కూడా కాదు. మాండ్రియన్ రంగు టేపులు అతికించి చేసిన ఒక బొమ్మని జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం దశాబ్దాలుగా తలకిందులుగానే పెట్టిందని 2022లో బయటపడింది, ఇప్పుడు తిప్పితే టేపులు ఊడతాయని అలాగే ఉంచేశారు. నాకూ ఒక గ్రూప్ షోలో జరిగింది. ఓపెనింగ్ రోజు వెళ్లేసరికి నా బొమ్మ అడ్డంగా ఉంది. కోపంతో లోపలికి వెళ్లబోయి, ఆగి చూస్తే, అడ్డంగానే బాగుందనిపించింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అప్పటినుంచి వెనకాల బాణం గుర్తు మాత్రం వేస్తున్నాను.

తేడా తెలియకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు. పై భాగంలో ముదురు రంగు పెడితే నెత్తిమీద కూర్చున్నట్టుంటుంది, అదే కింద పెడితే నేలవుతుంది. మన కళ్లకి బరువు తెలుసు.

అపోహ: "ఎరుపంటే కోపం, నీలమంటే శాంతి, ఏదో దాచి ఉంటారు"

ఏమీ దాచలేదండీ. కొత్త పెళ్లికూతురి చీర ఎరుపు, మిర్చి యార్డు ఎరుపు, ఆపమనే సిగ్నల్ ఎరుపు. అర్థం రంగులో ఉంటే ఈ మూడూ ఒకటే కావాలి కదా. ఎవరైనా పాట మొదలుపెట్టే ముందు ఆలాపన చేస్తుంటే "తదరినా అంటే ఏమిటండీ" అని మనం అడగం, తల ఊపుతాం. బొమ్మ దగ్గర కూడా అలాగే ఊపొచ్చు. నచ్చకపోతే పక్క బొమ్మకి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

అపోహ: "ఇదంతా ఫారిన్ వాళ్లది, మనది కాదు"

ఇది ఒకసారి మా అత్తయ్యే అంది, వాకిట్లో చుక్కల ముగ్గు పూర్తిచేసి చెయ్యి కడుక్కుంటూ. పదిహేను చుక్కల మెలికల ముగ్గులో బొమ్మేముంది? గీత తిరిగి తిరిగి మొదలైన చోటికి రావడం తప్ప. పోచంపల్లి ఇక్కత్ చూడండి, నేయకముందే నూలుని కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి ఆకారాల అంచులు చెదిరినట్టు వస్తాయి, ఆ చెదరడమే దాని అందం, నేను టర్పెంటైన్‌తో గంటలు కష్టపడి తెచ్చుకునే అంచు అది. మోడర్న్ చిత్రకారుల్లోనూ మనవాళ్లున్నారు: కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పి.టి. రెడ్డి గారి తాంత్రిక చిత్రాలు, గుడివాడలో పుట్టి లండన్ మీదుగా అమెరికా చేరి 2001లో పద్మశ్రీ అందుకున్న ఎస్.వి. రామారావు గారి అబ్‌స్ట్రాక్టులు. మనింట్లో వీళ్ల పేర్లు వినపడకపోవడానికి కారణం ఫారిన్ వాళ్లయితే కాదు.

అపోహ: "రంగులు చల్లేస్తే సరి, టెక్నిక్ ఏముంది"

ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి ఆరాక ముదురుతుంది, ఎందుకంటే అందులో రంగుని పట్టి ఉంచే బైండర్ తడిలో పాలలా ఉండి ఆరితే అద్దంలా అవుతుంది. ఇది లెక్కవేసుకోకపోతే రాత్రి నచ్చిన రంగు పొద్దున ఉండదు. మే నెలలో ఫ్యాన్ కింద ప్యాలెట్ మీదే గట్టిపడిపోతుంది, నీళ్ల స్ప్రే పక్కన ఉండాలి. ఆయిల్ అయితే కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. తిరగబడితే కింద ఇంకా కదులుతుండగానే పైది బిగుసుకుని పగుళ్లిస్తుంది. నేను తొందరపడి అలా వేసిన బొమ్మ ఒకటి కొన్నవాళ్ల హాల్లోనే పగిలింది. డబ్బులిచ్చేస్తానన్నాను, వాళ్లు ఇంకో బొమ్మ తీసుకున్నారు, ఆ పగిలినది ఇప్పటికీ నా గదిలో నా కళ్లెదురుగానే ఉంది.

ధరల గురించి కూడా అడుగుతారు, "ఇంతా?" అని. కాన్వాసు, రంగులు, ఫ్రేము, గ్యాలరీ కమిషను, అమ్ముడుపోని పది బొమ్మలు, ఇవన్నీ అమ్ముడుపోయిన ఒక్కదాని నెత్తిన పడతాయి. అంతే.

హార్బర్లో బోట్లకి రంగులేసే ఆయన సంగతి చెప్పడం మర్చిపోయాను. మొన్న ఎండాకాలం మళ్లీ కలిశాడు, ఈసారి తనే అడిగాడు, ఏం వేశావో చూపించమ్మా అని. గీత కప్పేసిన ఆ బొమ్మ ఫోన్లో చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, కుడి కింద మూలకి జరిపి, చాలాసేపు చూశాడు. "ఏముంది ఇందులో" అనలేదు. "ఇక్కడ ఇంకా గీకాల" అన్నాడు.

ఇంటికొచ్చి బొమ్మని గోడ మీంచి దించాను. కుడి కింద మూల నీలం నిజంగానే మందంగా ఉంది.