కాండర్ పిల్లకి గోరుముద్దలు

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "సింహాన్ని చూశావా తాతయ్యా?" అని ఇద్దరూ ఒకటే గోల చేశారు. చూశానర్రా. చెట్టు నీడన పడుకుని హాయిగా నిద్రపోతోంది. నేను మీకు చెప్పాలనుకున్నది మాత్రం సింహం గురించి కాదు, ఒక పక్షి గురించి. ఫోన్‌లో అయితే మీరు మధ్యలోనే పారిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో శాన్ డియాగోకి ఉత్తరాన, ఎస్కోండిడో ఊరి పక్కన ఉన్న లోయలో ఉందీ సఫారీ పార్కు. 1972లో తెరిచారట. 1,800 ఎకరాలు! బాబాయి పొద్దున్నే మమ్మల్ని బయల్దేరదీశాడు. నాయనమ్మ చేసిన పులిహోర కారులోనే అయిపోయింది. లోపల ట్రామ్ ఎక్కి తిరిగాం. జిరాఫీలు, జింకలు మన ఊళ్ళో బీట్లో మేసే గొడ్లలా మందలు మందలుగా తిరుగుతున్నాయి. మన అస్సాం ఒంటికొమ్ము ఖడ్గమృగాలు కూడా అక్కడ పిల్లాపాపలతో ఉన్నాయి. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగం అని ఇంకో రకం ఉంది. ఈ పార్కులో ఉన్న చివరిది, నోలా, 2015లో చనిపోయింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఆ రకంవి మిగిలింది రెండే, కెన్యాలో. రెండూ ఆడవే. అది తలుచుకుంటే మనసంతా అదోలా అయిపోయింది.

ఆ తర్వాత కాండర్ల దగ్గరికి వెళ్ళాం. కాలిఫోర్నియా కాండర్ అంటే రాబందులాంటి పక్షి. బండ మీద కూర్చుని రెండు రెక్కలూ బార్లా చాపి ఎండ కాచుకుంటోంది. ఈ కొస నుంచి ఆ కొసకి తొమ్మిదడుగుల పైనే ఉంటాయి ఆ రెక్కలు! తల మీద ఈక లేదు, పండిన బొప్పాయి రంగు. మెడ చుట్టూ నల్లటి ఈకల పట్టీ. దానికి గొంతుపెట్టె లేదట, అందుకే కూత ఉండదు, బుస కొడుతుందంతే. నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. బాబాయి రెండుసార్లు పిలిచినా లేవలేదు.

ఎందుకో చెప్తాను. నా చిన్నప్పుడు మా ఎర్రెద్దు చచ్చిపోతే పొలిమేరలో తుమ్మచెట్ల దగ్గర వేశారు. ఎక్కడి నుంచి వచ్చాయో తెలీదు, ఆకాశంలోంచి రాబందులు గుంపుగా దిగాయి. మధ్యాహ్నానికల్లా ఎముకలు మిగిలాయి. వాసన లేదు, రోగం లేదు. ఊరిని శుభ్రం చేసేవి అవే. మీ నాన్న పెద్దవాడయ్యేసరికి అవి కనబడటం మానేశాయి. పశువులకి నొప్పి తగ్గడానికి డైక్లోఫినాక్ అనే మందు ఇచ్చేవాళ్ళు. ఆ పశువు చచ్చిపోతే తిన్న రాబందులకి కిడ్నీలు పాడై చచ్చిపోయేవి. పశువులకి ఆ మందు వాడకూడదని 2006లో మన దేశంలో నిషేధించారు. అప్పటికే నూటికి తొంభై పైనే పోయాయి.

కాండర్లదీ ఇదే కథ. వేటగాళ్ళు కొట్టిన జంతువుల్లో సీసపు తూటా ముక్కలు ఉండిపోయేవి. ఆ మాంసం తిని కాండర్లకి విషం ఎక్కేది. 1982లో లెక్కపెడితే మిగిలినవి 22. అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నారు: బయట ఉన్నవాటన్నిటినీ పట్టేద్దామని. అడవి పక్షిని బోనులో పెట్టడమేమిటి, పోతే గౌరవంగా పోనివ్వండి అని చాలామంది గొడవపడ్డారు. నేనుంటే నేనూ అలాగే అనేవాణ్ణి. 1987లో చివరిదాన్ని కూడా పట్టారు. అప్పటికి బోనుల్లో ఉన్నవి మొత్తం 27. ఆకాశంలో ఒక్క కాండర్ లేదు.

కాండర్ మామూలుగా రెండేళ్ళకి ఒక్క గుడ్డే పెడుతుంది. దాన్ని తీసి ఇంక్యుబేటర్‌లో పొదిగిస్తే తల్లి ఇంకోటి పెడుతుంది. ఇలా పిల్లల్ని పెంచారు. మనిషి చేత్తో తిండి పెడితే పిల్లకి మనుషులు అలవాటైపోతారు కదా? అందుకని అచ్చం కాండర్ తలలా తోలుబొమ్మ చేసి, చేతికి గ్లవ్‌లా తొడుక్కుని, ఆ బొమ్మ ముక్కుతో తినిపించేవాళ్ళు. ఆ పిల్లకి తెర వెనక మనిషి ఉన్నట్టే తెలీదు. అన్నం పెట్టేవాళ్ళకి పిల్ల తమని గుర్తుపడితే ఎంత ముచ్చటగా ఉంటుందో నాకు తెలుసు, మీకు గోరుముద్దలు పెట్టినవాణ్ణి కదా. వాళ్ళు ఆ ముచ్చట వదులుకున్నారు.

1992లో కొన్నిటిని బయటికి వదిలారు. ఇప్పుడు మొత్తం 500 దాటాయి. సగానికి పైగా బయటే ఎగురుతున్నాయి, రెక్క మీద నంబరు బిళ్ళతో. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకి సీసపు తూటాలు పూర్తిగా నిషేధం.

మన హైదరాబాద్ నెహ్రూ జూలో కూడా రాబందుల్ని పెంచే కేంద్రం ఉంది తెలుసా? ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో కొండ అంచున గూళ్ళు కట్టుకునేవి కూడా ఉండేవి. నేను రాగానే జూకి వెళ్దాం. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పశువుల డాక్టరుగారిని ఒక మాట అడగాలి, నొప్పికి ఏ మందు వాడుతున్నారని. మెలాక్సికామ్ అంటే రాబందులకి భయం లేదు. ఆ పేరు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అడిగేది మీరే.

ప్రేమతో,
మీ తాతయ్య