కిడ్నీ పథ్యంలో ఆకలి: అపోహలు - వాస్తవాలు

కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన మర్నాటి నుంచే మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో కంచం సగమైపోతుంది. పప్పు వద్దు, సంగటి వద్దు, పండు వద్దు. మిగిలేది రెండు ఇడ్లీలు, గుప్పెడు అన్నం, పలచటి మజ్జిగ. నెల తిరిగేసరికి మనిషి నీరసపడతాడు, అర్ధరాత్రి లేచి మిక్చర్ పొట్లం విప్పుతాడు. నోరు కట్టుకోలేడని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. కిడ్నీ రోగులకు పథ్యం చెప్పే మేం మాత్రం ముందు ఆ పథ్యాన్నే అనుమానిస్తాం.

అపోహ: కిడ్నీ జబ్బంటే కడుపు మాడ్చుకోవాల్సిందే

తగ్గించమనేది ప్రొటీన్‌ని, ఉప్పుని. రక్తపరీక్షలో ఎక్కువగా ఉంటే పొటాషియం, ఫాస్ఫరస్‌లను కూడా. కేలరీలను కాదు. డయాలసిస్ మొదలుకాని వాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రొటీన్, 25 నుంచి 35 కేలరీలు చెబుతాం. 60 కిలోల మనిషికి అది 36-48 గ్రాముల ప్రొటీన్, 1500-2100 కేలరీలు. వాపు ఉంటే ఆ నీటి బరువు తీసేసి లెక్కకట్టాలి. పైన చెప్పిన కంచంతో రోజంతా గడిపితే వెయ్యి కేలరీలు కూడా రావు.

కేలరీలు చాలకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. కరిగిన కండలోని ప్రొటీన్ యూరియా అనే మలినంగా మారుతుంది, కణాల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది. ఏమీ తినకపోయినా యూరియా ఎందుకు పెరిగిందని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇదే. ఇంకో మోసం కూడా ఉంది. క్రియాటినిన్ తయారయ్యేది కండలోంచే కాబట్టి, కండ తగ్గితే ఆ అంకె కాస్త దిగుతుంది. పథ్యం పనిచేసిందని సంబరపడతారు కానీ కిడ్నీలో మార్పేమీ ఉండదు.

మరి ప్రొటీన్ పెరగకుండా కడుపు నింపేదేమిటి? మొదటిది తెల్లన్నం. 300 గ్రాముల అన్నంలో దాదాపు 390 కేలరీలుంటే, ప్రొటీన్ ఏడెనిమిది గ్రాములే. రెండోది నూనె, నెయ్యి. ఒక టీస్పూనుకు 45 కేలరీలు, ప్రొటీన్ సున్నా. గుండె జబ్బు కూడా ఉన్నవాళ్లు నెయ్యి తగ్గించి నూనె వాడుకోవాలి. మూడోది సగ్గుబియ్యం, అది దాదాపు మొత్తం పిండిపదార్థమే.

50 గ్రాముల సగ్గుబియ్యం కడిగి, గింజలు మునిగేంత నీళ్లు మాత్రమే పోసి మూడు నాలుగు గంటలు నాననివ్వండి. నీళ్లు ఎక్కువైతే ఉప్మా జిగురు ముద్దవుతుంది. పూర్తిగా వడగట్టి, రెండు టీస్పూన్ల నూనెలో ఆవాలు, పచ్చిమిర్చి, ఎర్రగడ్డ, కరివేపాకు వేగాక వేసి, గింజ అద్దంలా మారగానే దించేయాలి. ఆఖర్న నిమ్మచుక్కలు. అలవాటుగా వేసే చెనక్కాయల పొడి మాత్రం వద్దు. సుమారు 265 కేలరీలు వస్తాయి, ప్రొటీన్ లెక్కలోకి రానంత. షుగర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, చక్కెర గబుక్కున పెరుగుతుంది. వాళ్లు అన్నాన్ని మూడు నాలుగు చిన్న పూటలుగా విడగొట్టుకుని, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ కూర ఎక్కువగా కలుపుకోవాలి. కూరలో నూనెకు మరీ పిసినారితనం చూపక్కర్లేదు.

అపోహ: మధ్యలో ఆకలేస్తే గుప్పెడు చెనక్కాయలు మంచివి

మామూలు మనిషికి మంచివే. 30 గ్రాముల చెనక్కాయ పప్పుల్లో దాదాపు 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 40 గ్రాముల కోటాలో ఆరో వంతు అక్కడే అయిపోతుంది. పొటాషియం, ఫాస్ఫరస్ అదనం. పైగా మన జిల్లాల్లో చెనక్కాయ చట్నీలోనూ ఉంటుంది, పొడిలోనూ ఉంటుంది, తాలింపులోనూ ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టరు.

దాని బదులు బొరుగులు. ఒక పెద్ద గిన్నెడు, 30 గ్రాములు, ఒక టీస్పూను నూనెలో పసుపు, కారం వేసి కలిపి, తరిగిన ఎర్రగడ్డ, కీరదోస చల్లుకుంటే 150 కేలరీలు వస్తాయి. చాలాచోట్ల బొరుగులను ఉప్పు కలిపే వేయిస్తారు కాబట్టి మళ్లీ వేయకండి.

అపోహ: రాగిసంగటి విషం (ఇంకొందరికి అదే మందు)

రెండూ కావు. 100 గ్రాముల రాగిపిండిలో పొటాషియం సుమారు 440 మిల్లీగ్రాములు, బియ్యంలో 110 చిల్లర. సంగటికి బియ్యం, పిండి సగం సగం తీసుకుంటే 100 గ్రాములకు 275 దగ్గర ఉంటుంది. రక్తంలో పొటాషియం అదుపులో ఉన్నవాళ్లు మధ్యాహ్నం ఒక ముద్ద తినొచ్చు, సాయంత్రం వరకు ఆకలి ఆగుతుంది. రాగుల్లోని ఫాస్ఫరస్ కూడా చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్లు అలా కాదు, దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తాయి. లేబుల్ మీద 338 నుంచి 341, 450 నుంచి 452 నంబర్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

సంగటి ముద్ద కంటే మాకు భయం దాని పక్కనున్న వాటితోనే. చింతపండు దిట్టంగా పడ్డ పచ్చిపులుసు, చెనక్కాయ ఊరుబిండి (రోటి పచ్చడి), చలికాలమైతే పితికిపప్పు (తొక్క తీసిన అనపగింజలు). పొటాషియం 5.5 దాటినవాళ్లు సంగటి కూడా ఆపి డాక్టర్ని కలవాలి.

అపోహ: కూరగాయ ఉడికితే పొటాషియం పోతుంది

ఉడికించిన నీళ్లు పారబోస్తేనే పోతుంది. ఉర్లగడ్డ (బంగాళాదుంప) చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఐదింతల నీళ్లలో మెత్తగా ఉడికించి, వార్చేయాలి. ఊరికే నానబెడితే పోయేది తక్కువ. కుక్కర్లో పులుసుతో కలిపి వండితే పొటాషియమంతా ఆ పులుసులోనే ఉంటుంది. పప్పు కట్టుతో చారు పెట్టే అలవాటూ అంతే, వార్చింది మళ్లీ తాగినట్టే.

అపోహ: ఉప్పు మానేశాం, ఆకలి తీరదు, తక్కువ సోడియం ఉప్పు వాడుదాం

అలాంటి ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగికి అది నేరుగా ప్రమాదం. సైంధవ లవణం కూడా ఉప్పే. రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, పొద్దున్నే చిన్న డబ్బాలోకి తీసి పెట్టుకోండి. రుచికి నిమ్మ, మిరియాలు, కొత్తిమీర, తెల్లగడ్డ ఉన్నాయి.

అపోహ: చెమటలు పట్టి ఆకలేస్తే టెంకాయ నీళ్లు తాగాలి

ఈ ఒక్కటి ఇంట్లో అందరూ చదవాలి. కిడ్నీ పని తగ్గేకొద్దీ ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. పాత మోతాదే ఎక్కువవుతుంది. వణుకు, చెమట, ఉన్నట్టుండి భరించలేని ఆకలి, ఇవి చక్కెర పడిపోయిన గుర్తులు. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక లేత టెంకాయ నీళ్లలో పొటాషియం 500 మిల్లీగ్రాములు దాటొచ్చు. బెల్లంలోనూ పొటాషియం ఉంటుంది. పంచదారలో దాదాపు ఉండదు. నెలలో రెండోసారి ఇలా అయితే మందు మోతాదు మార్పించుకోవాలి.

అపోహ: శనివారం ఒక్కపొద్దుంటే కిడ్నీకి విశ్రాంతి

వెంకటేశ్వరస్వామికి శనివారాలు ఒక్కపొద్దుండే పెరటాసి నెలలో ఈ ప్రశ్న రోజూ వస్తుంది. ఒక్కపొద్దు పేరుతో పగలంతా అరటిపండు, పాలు, టెంకాయ నీళ్లతో గడిపితే పొటాషియం పోగవుతుంది. సోమ-బుధ-శుక్రవారాల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లకు శని, ఆదివారాలు రెండూ ఖాళీ, సోమవారం దాకా అది బయటికి పోయే దారి లేదు. మానలేమంటే అన్నం తినే పూటను మధ్యాహ్నానికి మార్చుకుని, షుగర్ లేనివాళ్లు పొద్దున, రాత్రి సగ్గుబియ్యం ఉప్మా తినండి. పండంటే ఒక చిన్న ఆపిల్. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఉపవాసం ఉండకూడదు. లడ్డూ ప్రసాదం చిన్న ముక్కతో ఎవరికీ ఏమీ కాదు, డబ్బా తెరిచి ఎదురుగా పెట్టుకుంటేనే చిక్కు.

అపోహ: డయాలసిస్ మొదలైనా పాత పథ్యమే

లెక్క తలకిందులవుతుంది. డయాలసిస్‌లో కొంత ప్రొటీన్ పోతుంది కాబట్టి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోలకు 60-72 గ్రాములు. డయాలసిస్ అయిన సాయంత్రం వేసే ఆకలి నిజమైన అవసరమే. ఒక కోడిగుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ నామమాత్రం. రోజుకు మూడు నాలుగు తినొచ్చు. 50 గ్రాముల వండిన చికెన్ మరో 12 గ్రాములిస్తుంది. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాసిచ్చి ఉంటే ముద్దల మధ్యలోనే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే వృథా. అంబలి, మజ్జిగ, చారు, ఐసు ముక్క, ఇవన్నీ డాక్టర్ చెప్పిన రోజువారీ నీళ్ల కోటాలోకే వస్తాయి.

అపోహ: ఆకలి మందగిస్తే పథ్యం సులువు

మేం కంగారుపడేది దీనికే. అన్నం చూస్తే వికారం, పొద్దున్నే వాంతి, నోట్లో ఇనుము రుచి, మాంసం వాసన గిట్టకపోవడం, ఇవి రక్తంలో మలినాలు పెరిగాయనడానికి గుర్తులు కావచ్చు. వారం రోజులుగా మామూలు తిండిలో సగం కూడా లోపలికి పోకపోయినా, వాపు లేని మనిషి నెలలో రెండు మూడు కిలోలు తగ్గినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. వెళ్లేటప్పుడు మూడు రోజులు తిన్నవన్నీ కొలతలతో సహా, దొంగతనంగా తిన్న మిక్చర్‌తో సహా, కాగితం మీద రాసి తీసుకెళ్లండి.