కుక్కని పది రోజులు చూసి అప్పుడు సూది వేయించుకుంటారా? వద్దండీ

విశాఖలో పశువుల డాక్టర్‌గా నేను రోజూ వినే మాట: "సార్, మా పిల్లాడిని కరిచింది, కుక్కకి రక్తపరీక్ష చేసి రేబిస్ ఉందో లేదో చెప్పేయండి, ఉంటేనే ఇంజెక్షన్లు వేయిస్తాం." బతికున్న కుక్కకి రేబిస్ లేదని తేల్చే రక్తపరీక్షే లేదండీ! రక్తంలో చూసేది టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలు. జబ్బు ఖాయం చేయాలంటే కుక్క చచ్చిపోయాక మెదడు ముక్క తీసి, వైరస్ ఉంటే మైక్రోస్కోప్ కింద మెరిసేలా చేసే ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్ష చేయాలి. నేను చూసి "బాగానే ఉంది" అన్నా ధీమా పడకండి, లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజుల ముందే వైరస్ లాలాజలంలోకి వచ్చేస్తుంది.

పది రోజుల లెక్క అక్కడిదే. కరిచేటప్పటికే లాలాజలంలో వైరస్ ఉంటే ఆ కుక్క పది రోజుల్లోపు జబ్బుపడి చచ్చిపోతుంది. కాబట్టి ఆ గడువు, కుక్క పది రోజులూ బాగానే ఉంటే మొదలుపెట్టిన ఇంజెక్షన్లు డాక్టర్ చెబితే మధ్యలో ఆపడానికి, అంతేగానీ మొదలుపెట్టకుండా కూర్చోడానికి కాదు. వైరస్ నరాల వెంట మెదడుకి చేరి లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించే మందు ఇప్పటికీ లేదు.

పెదజాలారిపేట నుంచి ఒకావిడ చేపల తట్టలో కుక్కపిల్లని పెట్టుకొచ్చింది. "పాలు తాగే పిల్ల బాబూ, దీనికేం పిచ్చి?" అంది. పక్కన మనవడు, మడమ మీద పంటి గాటు, దాని మీద పసుపూ సున్నమూ కలిపి రాస్తే ఎర్రగా అట్టకట్టేసింది. ముందు వాడి కాలు కుళాయి కింద పెట్టించి, సబ్బు రాసి పదిహేను నిమిషాలు నీళ్లు వదిలాం. వాడు ఏడుపు, ఆవిడ వణుకు. రక్తం వచ్చిన గాటు కాబట్టి టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా అడగమని చీటీ రాసిచ్చి ఆసుపత్రికి ఆటో ఎక్కించాను. అలాంటివాళ్ల మీద నాకు కోపం రాదు, "కుక్కపిల్లలకి రేబిస్ రాదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీద వస్తుంది. కుక్కపిల్లలకీ వస్తుంది, పైగా మూడు నెలల్లోపు వాటికి టీకా కూడా పడి ఉండదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలం మాట, ఇప్పుడు చేతికే వేస్తారు. పసరు, కారం ఏవీ వద్దు. టీకా పడిన పెంపుడు కుక్క కరిచినా, పిల్లి రక్కినా డాక్టర్‌కి చూపించండి.

మన కుక్కలకి మూడు నెలల వయసులో టీకా, తర్వాత బూస్టర్, ఆపైన ఏడాదికోసారి. "మాది గడప దాటదు సార్" అంటారు, గేటు సందులోంచి వీధి కుక్క కరిస్తే చాలదా? వీధి కుక్కల్లోనూ 70 శాతానికి టీకా పడి, ఏటా అలాగే కొనసాగితే వ్యాప్తి తెగిపోతుంది. గోవాలో ఏటా అలా వేసుకుంటూ పోతే 2018 నుంచి కొన్నేళ్లపాటు మనుషుల్లో రేబిస్ చావే లేదు. అందుకే మీ వీధిలో కుక్కలకి రోజూ అన్నం పెట్టేవాళ్లుంటే టీకా రోజున వాళ్లనే ముందు పిలవండి, వాళ్ల చేతిలో కుక్క కదలకుండా నిలబడుతుంది, వల అక్కర్లేదు.